వసంతమ్మ పిలిచిన పేర్లు

*పుంగనూరు. బడి వదిలినాక, చంద్రిక టీచరు ఇంటి వరండాలో. మదనపల్లె నుంచి వెంకటప్ప వచ్చి కూర్చోనుండాడు.*

"రెండు లీటర్లా?"

"రెండు లీటర్ల పైమాటే అప్పా. ఇంకా జాస్తి అనేవాళ్ళు కూడా ఉండారు. మా నాయన పుస్తకంలో ఇట్ల రాసిండాది సూడు. ఓమెరు అంటే ఏఫాలో పదో వంతు. ఏఫా అంటే అటూ ఇటుగా ఇరవై రెండు లీటర్లు."

"లీటర్లు నాకు పట్టవమ్మా. రాగులైతే ఎంత తూగుతాయి?"

"నాకేం తెలుస్తాది, నేను సోషల్ టీచర్ని."

"కేజీన్నర దాటుతాది. ముప్పై యేండ్లు మదనపల్లె టమాటా మార్కెట్లో కాటా కాడ నిలబడినోన్ని, చెయ్యి చెప్తాది నాకు. కేజీన్నర దాటుతాది."

"సరే, కేజీన్నర. టీ సల్లారిపోతాంది, తాగప్పా."

"నేను గ్లాసుతో ఇస్తిని."

"ఏంది?"

"రాగిపిండి. 'ఒక ఓమెరు తీసకరా' అనింది. నాకేం తెలుసు ఓమెరంటే ఏందో. ఇదో, ఈ మాదిరి స్టీలు గ్లాసే. దాన్నిండా తీసకపోయి 'ఇదే ఓమెరు' అంటి. సూసింది. పక్కన పెట్టేసింది."

"టీచరమ్మా?"

"ఆమే. మీ వసంత టీచరు."

"మతి తప్పిందని వచ్చీ రాంగానే చెప్తివి. ఇంత అని అనుకోలేదప్పా నేను."

"ఇంట్లో దారి మర్సిపోయింది. ఇరుగూ పొరుగూ మర్సిపోయింది. బైబిల్లో ఉండేది మాత్రం ఒక్క అక్షరం పోలా. కేజీలు ల్యా, గ్లాసులు ల్యా, ఓమెరంట, ఏఫా అంట. మంచం నాలుగు మూరలుంటేనే పండుకుంటా అనింది, మోసేయి ఆనించి కొలిచింది. రాత్రి సంగటి మిగిలితే పారబోసేది."

"పురుగులు పడతాయనా?"

"నీకెట్ల తెలుసు?"

"అది మన్నా అప్పా. ఎడారిలో పడి పోయేవాళ్ళకు ఆకాశం నుంచి రాలిన తిండి. మనిషికి రోజుకు ఒక ఓమెరు. తెల్లారేదాకా దాసిపెడితే పురుగులు పట్టేది. చర్చిలో ఆదివారం బడికి పోతాంటిమి గదా, టీచరమ్మే చెప్పింది మాకు, నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు."

"మనిషికి ఓమెరా? అంటే ఎనిమిది గ్లాసులు, తొమ్మిది గ్లాసులు. నేను ఒక్కటి ఇస్తి."

"ముసలామె, అంత యాడ తింటాది?"

"అది కాదు. అడిగింది ఎంత, నేనిచ్చింది ఎంత."

"అప్పా, ఆ కథలోనే ఇంకొక మాట కూడా ఉండాది. జాస్తి ఏరుకున్నోనికి కొలిచి సూస్తే మిగల్లేదంట. తక్కువ ఏరుకున్నోనికి చాలకపోనూ లేదంట."

"ఉండాదా ఆ మాట?"

"ఉండాది."

"నా కోసరం చెప్తాండవు గదా?"

"చదివి ఇనిపించేదా?"

"వద్దులే. నమ్మినా. ఇంకొకటి అడగాల. లాబాను అంటే ఎవరు?"

"లాబాను యాల నీకు?"

"ఆ గ్లాసు పక్కన పెట్టింది గదా, పెట్టి నన్ను సూసి 'లాబానూ' అనింది. నవ్వతాండావు."

"లేదప్పా."

"నవ్వతాండావు. మంచోడు కాదా?"

"ఆయనకు... గొర్రెల మందలుండేవి. పెద్ద కుటుంబం."

"నేను అడిగింది అది కాదు."

"ఇస్తానన్నది ఇయ్యకుండా మాట మారుస్తాండేటోడు. సొంత అల్లుని కాడే, పదిసార్లు."

"నేను కాటా కాడ ఒక్కనాడు ముల్లు అటూ ఇటూ చేసినోన్ని కాదమ్మా. పెద్దమండ్యం రైతుల్ని అడుగు, పెద్దతిప్పసముద్రం రైతుల్ని అడుగు. వెంకటప్ప కాటా అయితేనే దించుతామనేది వాళ్ళు."

"తెలుసప్పా. మతిలేక అనింది, మనసులో పెట్టుకోవద్దు. ఎప్పుడూ అదే పేరా?"

"మారేది. కొన్నాళ్ళు ఒకటి, కొన్నాళ్ళు ఇంకొకటి. అన్నీ ఈ మాదిరి పేర్లే. నా పేరు మాత్రం రాలా. నలభై యేండ్లు కాపురం చేసిన పేరు. నాలుగక్షరాలు."

"నన్ను ఎట్ల గుర్తుపెట్టుకుంటివి?"

"నువ్వే గదా బైబిలు పేర్లన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పి ప్రైజు కొట్టింది. చిన్న పాపవు, రెండు జడలు. 'పాస్టరయ్య కూతురు చంద్రికకు రాని పేరు లేదు' అనేది వసంత. కనుక్కుంటా కనుక్కుంటా వస్తి."

"ఇప్పుడెట్లుండారప్పా టీచరు?"

"ఆ?"

"ఎట్లుండారు అంటాండా."

"నొప్పి అయితే ఏమీ లేదమ్మా."

"నేను రావాల సూసేదానికి. గంట ప్రయాణం, ఇన్నేండ్లు రాకపోతిని. నాయన పోయినాక చర్చి పక్కకే పోబుద్ధి కాలేదు నాకు. ఆ ఊరే వద్దనిపించింది."

"నిదానంగా రా. తొందరేముండాది. ఆరు గంటల బస్సు పట్టుకోవాల నేను. ఇంకా పేర్లుండాయి, వచ్చే వారం వచ్చి అడుగుతా."

"ఇప్పుడే అన్నీ అడుగు, పుస్తకం ఈడే ఉండాది గదా."

"వద్దమ్మా. ఒక్కొక్కటే సాలు."

*మదనపల్లె బస్టాండు. నెల తర్వాత ఒక శనివారం మధ్యాహ్నం. ట్రైనింగుకు వచ్చిన చంద్రిక ఫోన్ చేస్తే వెంకటప్ప వచ్చినాడు.*

"ఆటోలో పది నిమిషాలే అంటివి గదా మీ ఇల్లు. పోదాం రా."

"ఈ పొద్దు వద్దమ్మా."

"యాల?"

"ఇల్లు ఇల్లు మాదిరి లేదు."

"నేనేమన్నా సుట్టాన్నా, సర్దిపెట్టేదానికి? ఐదు నిమిషాలు ఆమె పక్కన కూర్చోని వచ్చేస్తా. ఇప్పుడు ఆమె కాడ ఎవరుండారు?"

"ఆమెకు ఎవరూ అక్కర్లేదు."

"మతి లేనామెను ఒంటిగా పెట్టి వచ్చినావా?"

"చంద్రికమ్మా, టీ తాగుదాం రా. చక్కెర వెయ్యమనేదా, వద్దా?"

"నాకు కోపం వస్తాంది."

"రానీ. చక్కెర?"

"వెయ్యమను. ఈ సంచి తీసుకో. కమలాపండ్లు. టీచరమ్మకు ఇష్టం గదా, బడి అయిపోతానే మాకు ఒక్కొక్క తొన ఇచ్చేది, ముప్పైమందికి మూడు పండ్లు."

"ఇస్తా. ఆమె కాడ పెడతా."

"వలిచి పెట్టు. తొక్కతో పెడితే ఆమెకు తెలియకపోవచ్చు."

"సరే."

"ఈసారి ఏం పేరు? పోయిన వారం బోయజు అంటివి. చెప్తే ఎంత సంతోషపడితివి."

"ఎవరూ లేని ఆడమనిషి కొంగులో ఆరు కొలతలు ధాన్యం పోసి పంపించినోడు గదా. లాబాను కంటే మేలు. ఈసారి ఎల్కానా."

"అబ్బా."

"మళ్ళా మంచోడు కాదా?"

"కాదప్పా, మంచోడే. చాలా మంచోడు. ఎప్పుడనింది?"

"ఒకనాడు. రెండు గుడ్లు ఉడకబెట్టింటి. ఆమెదొకటి, నాదొకటి. తినేది తగ్గిపోయింది గదా అని నాది కూడా ఆమె అన్నం తట్టలో వేస్తి. తలెత్తి సూసి, ఎల్కానా, అని నవ్వింది. నవ్వి ఎన్నాళ్ళయిందో అప్పటికి. అందుకే బాగా గుర్తుండాది."

"ఎల్కానాకు హన్నా అని భార్య. విందు జరిగిన రోజు అందరికీ ఒక్కొక్క వంతు పెట్టి, ఆమెకు మాత్రం రెండు వంతులు పెట్టేవాడు."

"రెండా?"

"రెండు. ఆమెకు పిల్లలు లేరు అప్పటికి. అప్పా, ఏమైంది?"

"ఏం కాలా. చెప్పు."

"ఆమె ఏడుస్తా కూర్చుంటే, పదిమంది కొడుకుల కంటే నేను నీకు ఎక్కువ కాదా అని అడుగుతాడు."

"దానికి ఆయమ్మ ఏమనింది?"

"ఏమీ అన్లేదు. తిని లేచింది."

"వసంతా ఏమీ అన్లా. పెండ్లయిన పదేండ్లకు ఒకసారి నేనూ అంటిని. పదిమంది కొడుకులు అనేంత మాట కాదు. 'నేనుండా గదా' అంటి, అంతే. బదులు పలకలా. ఆదివారం వస్తే మాత్రం మీ మధ్యలో కూర్చోని... నేను చర్చి గేటు కాడ ఇంటా ఉండేది, మీరు పేర్లు వరసగా అరిచేది."

"నాకు గుర్తుండాది. సంచి ఒళ్ళో పెట్టుకోని, అరుగు మీద. నువ్వు లోపలికి యాల రాలేదప్పా ఒక్కసారి కూడా?"

"మాయమ్మ ఒప్పుకోలా. గంగమ్మకు మొక్కుకోని కన్నది నన్ను. ఆయమ్మ పోయినాక రావచ్చు, అయితే అప్పటికి గేటే అలవాటైపాయ. వసంత రమ్మన్లా, నేను వస్తా అన్లా."

"ఇప్పుడన్నా పో. కొత్త పాస్టరంట గదా."

"మాట్లాడినా ఆయనతో."

"ఏం మాట్లాడినావు?"

"పుంగనూరు బస్సు వచ్చింది సూడు."

"అది పోనీ, ఇంకొకటి వస్తాది. అప్పా, నన్ను కుప్పానికి వేసినారు. ట్రాన్స్‌ఫర్. వచ్చే సోమవారం జాయిన్ కావాల."

"కుప్పమా. ఒక్కదానివేనా?"

"ఎప్పుడు ఇద్దరం ఉంటిమి? ఒక్కదాన్నే. ఇల్లు సూసుకోవాల ఇంకా. మిగిలిన పేర్లు ఫోన్లో అడుగు."

"ఫోన్లో అడిగేది కాదమ్మా. వస్తా."

"పలమనేరులో బస్సు మారి, ఎండన పడి, ఒక పేరు కోసరమా? ఇంకెన్ని ఉండాయి?"

"ఒక్కటే."

*కుప్పం. చంద్రిక బాడుగకు తీసుకున్న ఇల్లు. నెల తర్వాత, ఒక ఆదివారం పొద్దున.*

"ఎన్నింటికి బయల్దేరితివప్పా?"

"నాలుగున్నరకు."

"ఆ పెట్టె మీద కూర్చో, కుర్చీలు ఇంకా విప్పలేదు. ఇంటామె తమిళంలో మాట్లాడ్తాది, నాకు సగం అర్థమవుతాది, మిగతా సగానికి తల ఊపుతా. వచ్చి నెలైంది, ఈ గడప లోపలికి వచ్చిన మొదటి మనిషివి నువ్వే."

"పుస్తకం?"

"అదే మొదట విప్పింది. అయితే ఈ పొద్దు తీయను."

"యాల?"

"రెండు రోజులు లీవు పెట్టినా. మధ్యాహ్నం బస్సుకు నీతోపాటు మదనపల్లెకు వస్తాండా. టీచరమ్మకు నా చేత్తో అన్నం తినిపిచ్చినాక చెప్తా నీ పేరు."

"రావద్దమ్మా."

"ఇది నాలుగోసారి వద్దంటాండావు. ఏందప్పా సంగతి? ఆమెను ఏమన్నా కట్టేసి పెట్టినావా?"

"అట్ల అనొద్దు."

"అయితే చెప్పు."

"పేరు చెప్పు ముందు."

"చెప్పను. నువ్వు చెప్పేదాకా చెప్పను."

"వసంత పోయి పది నెల్లాయనమ్మా."

"ఏంది?"

"పది నెల్లాయ."

"నువ్వు పుంగనూరికి మొదట వచ్చింది... రెండు నెల్ల కింద."

"అవును."

"అప్పటికే."

"అప్పటికే."

"కమలాపండ్లు ఇస్తి గదా నేను. వలిచి పెట్టమంటి."

"పెట్టినా. ఆమె కాడనే. వలిచే పెట్టినా."

"వచ్చిన ప్రతిసారీ అడిగితిని, ఎట్లుండారు టీచరు అని. ఒక్కసారన్నా చెప్పాలనిపించలేదా నీకు?"

"నువ్వు అడిగితివి గదా, దానికే చెప్పలా."

"అదేం మాటప్పా?"

"ఊర్లో అందరూ 'మంచామె, ఎట్లుండేదో' అంటారు. అయిపోయిన మాట అది. నువ్వొక్కదానివే 'ఎట్లుండారు' అని అడిగింది. పది నెల్లలో ఆ మాట ఎవరి నోట్లోనూ ఇన్లా నేను. పుంగనూరు నుంచి తిరిగి పోతాంటే, బస్సులో కూర్చోనుంటే, ఇంటి కాడ ఎవరో ఉండినట్టే ఉండేది. తాళం తీసేదాకా."

"బతికుండంగా నేను రావాల్సింది."

"అది తలుసుకోవద్దులే. నువ్వు రాకుంటే రాకపోతివి, నీ పేరు చెప్తానే ఉండేది."

"ఈ పేర్లన్నీ ఎప్పుడనింది అయితే?"

"కడాన రెండేండ్లు. ఎప్పుడు ఏ పేరు అనింది, ఆ పొద్దు ఏం జరిగింది, నోటు బుక్కులో రాసిపెట్టుకుంటి, నాకొచ్చిన రాతలో."

"అప్పుడే యాల అడగలేదు ఎవరినన్నా?"

"భయం. ఎవడో ఇంకొకన్ని పిలస్తాంది, నేను గుర్తులో లేను అనుకుంటి. అడిగితే అదే నిజమైపోతాది గదా. ఏ పేరు పెట్టి పిల్చినా 'ఆ' అని పలికేది నేను. ఎవరో ఒకరు పలకాల గదా ఆమెకు."

"మరి ఇప్పుడు యాల ఇంత తిరుగుతాండావు?"

"ఆమె పక్కన ఒకటిన్నర మూర ఖాళీ ఉండాది."

"యాడ?"

"చర్చి వాళ్ళ సమాధుల కాడ. ఒక పక్క ఆమె, ఇంకో పక్క గోడ. నా మోసేయితోనే కొలిస్తి. పాస్టరయ్యను అడిగితే, సంఘంలో చేరినోళ్ళకే ఆడ చోటు అన్నాడు. తప్పేమీ లేదులే, అందరికీ అదే లెక్కంట. బాప్తిస్మం తీసుకోవాల, పేరొకటి పెట్టుకోవాల."

"ఒకటిన్నర మూర మనిషికి చాలదప్పా."

"పక్కకు తిరిగి పండుకుంటా. ఇంట్లోనూ అంతే, మా మంచం చిన్నది."

"పేరు ఆయనే పెడతాడు గదా."

"పౌలు అన్నాడు, దేవదానం అన్నాడు. వద్దయ్యా, నా పేరు నేనే తెచ్చుకుంటా అంటి. ఆమె పెట్టినవి ఉండాయి గదా. వచ్చే ఆదివారమే. నీ కాడికి తిరిగింది దీనికి."

"ఎల్కానా పెట్టుకో. అడగాల్సిన పనే లేదు. ఎంత సొంపుగా ఉండాది."

"ఇంకొకటి ఉండాది. కడాన అనింది. అది కూడా తెలుసుకోవాల."

"చెప్పు."

"పల్తీయేలు."

"ఏం పేరు? మళ్ళా చెప్పు."

"తప్పు రాసుకుంటినా?"

"లేదు. సరిగ్గానే రాసుకున్నావు."

"ఎవరాయన?"

"పెద్ద మనిషేమీ కాదు. రెండు చోట్ల వస్తాడు, అంతే. ఎల్కానా పెట్టుకోప్పా."

"లాబాను మాదిరోడా?"

"కాదు."

"మరి యాల మొగం తిప్పుకుంటాండావు?"

"అర్థం మంచిదే ఆ పేరుకు. దేవుడే విడిపిస్తాడు అని."

"అర్థం అడగలా. మనిషి సంగతి చెప్పు. నాలుగున్నరకు బయల్దేరి వస్తి."

"మీకాలు అని ఒక రాజు కూతురు. ఆమె మొగుడు పల్తీయేలు. ఆమెకు అంతకు ముందే దావీదుతో పెండ్లయింటాది. ఆ దావీదు రాజైనాక ఆమెను పంపించమంటాడు. మనుషులు వచ్చి తీసకపోతారు. ఈయన మాట ఎవరూ అడగలేదు."

"ఊ."

"తీసకపోతాంటే ఈయన ఆమె వెనకే నడుస్తా పోయినాడు. ఏడుస్తా. ఊరు దాటి, ఇంకొక ఊరి దాకా. ఆడ సేనాపతి నిలబడి, ఇంక వెనక్కి పో, అన్నాడు."

"పోయినాడా?"

"పోయినాడు. అంతటితో ఆయన సంగతి అయిపాయ. మళ్ళా ఆయన పేరు యాడా రాదు."

"ఊ."

"నీళ్ళు తాగప్పా. తాగు. ఎప్పుడనింది ఆమె ఆ పేరు?"

"ఆస్పత్రిలో. స్ట్రెచరు మీద తోసుకోని పోతాండ్రి. వరండా ఎంత పొడుగో, అంత దూరం నేను వెనకే పోతి. ఐసీయూ తలుపు కాడ, ఇంక నువ్వు రాకూడదు పెద్దాయనా, వెనక్కి పో, అనింది నర్సమ్మ. ఆడ అనింది వసంత."

"ఏడుస్తాంటివా?"

"ఉంటిలే."

"అప్పా, ఆమె నిన్ను మర్సిపోలేదు."

"అయితే ఆ పేర్లన్నీ నేనేనా?"

"అన్నీ నువ్వే. ఏ పొద్దు నువ్వు ఎట్లుండావో ఆ పొద్దు ఆ పేరు. వెంకటప్ప ఒక్కటే పోయింది ఆమెకు. మనిషి పోలేదు."

"కాగితం తీయమ్మా. తప్పు లేకుండా రాసియ్యి, పాస్టరయ్యకు ఇయ్యాల. పల్తీయేలు."

"వద్దప్పా. నా మాట ఇను, ఆ పేరు వద్దు. ఇప్పుడే ఒంటిగా ఉండావు, ఇంక మిగిలిన రోజులన్నీ ఆ ఏడుపు మోసుకోని తిరగాల్నా? అంత దూరం వెనక నడిచినాడు ఆయన. మీకాలు ఒక్కసారన్నా తిరిగి సూసిందని యాడా రాసిల్లేదు."

"మా వసంత సూసిందమ్మా."